నోండాస్ గారి రాళ్ల ఉపన్యాసం

ఈల ఊదడం నా ఉద్యోగం. పోలీసును కాను, ఆటల పంతులమ్మను కాను. కొండ మీద ఐదు స్తంభాలు, సగం కూలిన నాటకశాల, దిగువన రెండు గదుల మ్యూజియం, వీటికి కాపలా. రాయి మీద ఎవరైనా కూర్చుంటే ఈల, ఎక్కితే ఇంకో ఈల, తాళంచెవితో పేరు చెక్కితే ఊపిరి ఆగేదాకా ఈల. ఇరవై రెండేళ్లుగా ఊదుతున్నాను. నా పేరు అసిమీనా. మ్యూజియంలో నేను నవ్వగా ఎవరూ చూడలేదని అంటారు, నిజమే కావచ్చు.

మా దేశంలో గునపం ఎక్కడ దింపినా ఎవరో ఒక ముత్తాత తగులుతాడు. తగిలాడని తెలిస్తే పురావస్తు శాఖవాళ్లు వచ్చి తాడు కడతారు. తాడు కట్టాక ఆ స్థలంలో ఇల్లు లేవడం మనవల తరం మాట. అందుకని మావాళ్లు ముత్తాతల్ని ఎంత పొగుడుతారో అంత తొందరగా వాళ్ల మీద కాంక్రీటు పోస్తారు. కాంక్రీటు ఆరాక మళ్లీ పొగుడుతారు. ఇక పెరట్లో పాత రాయి లేని ఇల్లు మా చుట్టుపక్కల లేదు. మా ఇంటి గుమ్మం సంగతి మాత్రం నన్ను అడగకండి.

మార్చి నెల మొదటి ఆదివారం నాడు జరిగింది ఇది. చలికాలంలో నెలకొక ఆదివారం మా దగ్గర టిక్కెట్టు ఉండదు. ఆ రోజు వచ్చేవాళ్లు నిజానికి మా స్తంభాల కోసం రారు. కొండ కింద సోటిరిస్ హోటల్లో బొగ్గుల మీద కాల్చే గొర్రెపిల్ల పక్కటెముకల కోసం వస్తారు. మావాళ్లు విహారానికి బయల్దేరాలంటే ముందు భోజనం ఎక్కడో తేల్చుకుంటారు, ఆ తర్వాత ఆ దాపున ఏ గుడి కూలి ఉందో కనుక్కుంటారు.

పదకొండున్నరకి సిమెంటు మరకల పికప్ ఒకటి వచ్చి, ఆపకూడదని బోర్డు పెట్టిన చోట సరిగ్గా బోర్డు కిందే ఆగింది. అరవై దాటిన ఒక పెద్దమనిషి దిగాడు. ఆదివారం కోటు, బొజ్జ, వేళ్ల మధ్య తిరుగుతున్న పూసల దండ. వెనకాలే ఆయన భార్య దిగింది. పొట్టి మనిషి, చంకలో నల్ల సంచి.

"ఏమ్మా, సోటిరిస్ హోటలు తెరిచుందా?" అన్నాడాయన.

"తెరిచుంది. ఇది కూడా తెరిచే ఉంది," అని స్తంభాలు చూపించాను.

"ఇదెక్కడికి పోద్దిలే. రెండున్నర వేల ఏళ్ల నుంచి ఇక్కడే పడుంది. పక్కటెముకలు రెండింటికల్లా అయిపోతాయి."

పుస్తకంలో పేరు రాయమన్నాను. ఎపామినోండాస్ అని పేజీకి అడ్డంగా రాశాడు. పూర్వం ఒక సేనాపతి పేరు. ఇంత పేరు పిలిచేటప్పటికి యుద్ధం అయిపోతుంది కాబట్టి అందరూ నోండాస్ అంటారట. ఊరు సముద్రపొడ్డున కాటో లిమానీ. అక్కడ సగం ఇళ్లు తానే కట్టానని అడక్కుండానే చెప్పాడు. మిగతా సగం ఇళ్లవాళ్లు అదృష్టవంతులని నాకు అనిపించింది. భార్య పేరు అరెతి. ఆవిడ తన పేరు చిన్న అక్షరాలతో, ఆయన పేరు కింద మిగిలిన చోటులో రాసింది.

"ముప్ఫై నాలుగేళ్ల కాపురం. ఏనాడూ ఒక్క పాత రాయి చూపించమని అడగలేదీవిడ," అన్నాడు నోండాస్. "ఈ వారం పట్టుకుంది. ఇక్కడికే రావాలంట, ఇంకో చోటు పనికిరాదంట. వయసు మీద పడితే ఆడాళ్ల బుర్రలోకి ఏం దూరుద్దో ఎవడికి తెలుసు."

"ఇక్కడ గాలి బాగుంటదన్నారు," అంది అరెతి. సంచిలోంచి ఆకులతో సహా రెండు నిమ్మకాయలు తీసి నా బల్ల మీద పెట్టింది. "మా తోటవి."

"ఆఖరి కాపు. దాచిపెట్టుకో," అన్నాడు ఆయన, పెళ్లిభోజనానికి పిలిచినంత సంబరంగా.

ఎందుకు ఆఖరిదో వెంటనే తెలిసింది, ఎందుకంటే ఆయన ఫోను తీసి కొండంతా వినపడేలా మాట్లాడాడు. రేపు సోమవారం పొక్లెయిన్ వచ్చి చెట్లు పీకేస్తుంది. మంగళవారం పొద్దున ఏడింటికి రెండు లారీల కాంక్రీటు. అరెతి వాళ్ల నాన్న వదిలిపోయిన నలభై నిమ్మచెట్ల చోట, పర్యాటకులకి అద్దెకిచ్చే ఎనిమిది గదులు లేస్తాయి. పీకాల్సిన చెట్ల మొదళ్లకి ఎర్ర రంగు పూయడం కూడా అయిపోయింది.

"రోడ్డు పక్కన నీ స్థలం ఖాళీగానే ఉందిగా నోండా," అంది అరెతి. ఆ మాట ఆవిడ వందోసారి అంటున్నట్టు గొంతులోనే తెలిసిపోతోంది. "గదులేవో అక్కడ కట్టు."

"రోడ్డు పక్క గదిలోంచి సముద్రం కనపడుద్దా? నిమ్మకాయలు కొట్లో దొరుకుతాయే. సముద్రం దొరుకుద్దా కొట్లో?"

"ఆ చెట్లకి మా నాన్న తన చేత్తో అంట్లు కట్టాడు."

"మీ నాన్న పోయి పన్నెండేళ్లయింది. చెట్లకీ వయసైపోయింది."

ఆవిడ సంచి చంకలో సర్దుకుని నడిచింది. నా చెయ్యి ఈల మీదికి పోయింది. కానీ మొగుడి నోరు మూయించడానికి ఈల ఊదవచ్చని మా రూల్సులో ఎక్కడా రాయలేదు.

ఇలాంటివాళ్ల వెనకాలే నడవాలి, లేకపోతే జేబులో ఏదో ఒక పెంకు పడుతుంది. నడిచాను. నోండాస్ పెళ్లానికి అన్నీ వివరిస్తున్నాడు. నాటకశాల దగ్గర నిలబడి, "ఇది అసెంబ్లీ. ఇక్కడే ఓట్లేసేవాళ్లు," అన్నాడు.

"నాటకశాల అండీ. నాటకాలు ఆడేవాళ్లు," అన్నాను.

"రెండిటికీ తేడా ఏముంది?" అన్నాడు. ఆ రోజు ఆయన నోటివెంట వచ్చిన తెలివైన మాట అదొక్కటే.

తర్వాత పడిపోయిన స్తంభం ముక్క మీద కూర్చుని, గడ్డం పైకెత్తి, ఫొటో తియ్యమన్నాడు. ఈల ఊదాను.

"ఏందమ్మా, మా తాతల రాయి. నేను కూర్చోగూడదా?"

"మీ తాతలు కూర్చోలేదు కాబట్టే మిగిలింది. లేవండి."

లేచాడు, కానీ పౌరుషం వచ్చింది. పౌరుషం ఎక్కడో ఒకచోట దిగాలి కదా. దురదృష్టవశాత్తూ అక్కడ గోడ నీడలో ఇద్దరు ఇంగ్లీషు ముసలివాళ్లు కాగితం విప్పుకుని రొట్టెలు తింటున్నారు. మా పక్క ఊళ్లో తొమ్మిదేళ్లుగా కాపురం ఉంటున్న మొగుడూ పెళ్లాలు. ఆయన అందరిళ్లలో కొళాయిలు బాగుచేస్తాడు. మా భాష కూడా వచ్చు, కాస్త కుంటుతుంది అంతే.

నోండాస్ వాళ్ల ఎదుట వెళ్లి నిలబడ్డాడు. "ఇంగ్లీషువాళ్లా మీరు? మా రాళ్లు ఎప్పుడు తిరిగిస్తారు?" రెండొందల ఏళ్ల కింద ఒక ఇంగ్లీషు దొర మా పాత గుడి శిల్పాలు ఊడదీసి లండన్ పట్టుకుపోయాడు, మావాళ్లకి ఆ కోపం ఇంకా ఆరలేదు.

"నేను ప్లంబర్నండీ," అన్నాడు ముసలాయన, రొట్టె పక్కన పెట్టి. "నా దగ్గర రాళ్లేమీ లేవు."

"అందరూ ఇదే మాట చెప్తారు. రెండొందల ఏళ్లుగా ఇదే మాట."

జనం పోగయ్యారు. పక్కటెముకలకి ఇంకా గంటన్నర టైముంది, ఎవరికీ వేరే పని లేదు. జనాన్ని చూడగానే నోండాస్‌కి ఒంట్లోకి పూనకం వచ్చింది. కోటు బొత్తం పెట్టుకున్నాడు. "మర్యాదగా అడుగుతున్నా," అని మొదలుపెట్టాడు. "ఏ నేలలో దొరికిన రాయి ఆ నేలదే. ఒళ్లొక చోట, కాళ్లొక చోట పడుంటే అదేం బతుకు? లండన్లో ఆ దొంగసొత్తు ఎదురుగా పెట్టుకుని వీళ్లకి అన్నం ఎట్టా దిగుద్ది? నిద్ర ఎట్టా పట్టుద్ది? నా ఇంట్లోనే అట్టాంటి రాయి ఒకటుంటే, ఇంకోడు అడిగేదాకా ఆగుతానా? నెత్తిన పెట్టుకుని తీసుకెళ్లి ఇచ్చొస్తా."

జనం చప్పట్లు కొట్టారు. ప్లంబరు కూడా కొట్టాడు పాపం.

"ఆ ఆఖరి మాట ఇంకోసారి చెప్పు నోండా," అంది అరెతి. "వెనకాలవాళ్లకి వినపళ్లేదు."

ఆయన గుండెలు ఇంకా ఉబ్బాయి. "నెత్తిన పెట్టుకుని తీసుకెళ్లి ఇచ్చొస్తా!" అని అరిచాడు. ఇద్దరు ముగ్గురు ఫోన్లు పైకెత్తి వీడియో కూడా తీశారు. అరెతి ఎవరెవరు తీస్తున్నారో తిరిగి చూసి, తల ఊపింది.

ఆ మందంతా ఆయన వెంటే మ్యూజియంలోకి దిగారు. మా మ్యూజియంలో చూడదగ్గది ఒక్కటే ఉంది. నిలువెత్తు సమాధి పలక, దాని మీద చెక్కిన ఒక పడుచు. తల కొంచెం వంచి, చేతిలో పిట్టని పట్టుకుని ఉంటుంది. మోకాళ్ల దాకానే ఉంటుంది. అక్కడికి రాయి వంకరగా విరిగిపోయింది. మా ఊళ్లో అందరూ దాన్ని 'సగం పిల్ల' అంటారు. ఎప్పుడో మా అమ్మ కాలంలో రేవులో ఒక వ్యాపారి దగ్గర పోలీసులు పట్టుకున్నారు. వాడు ఎక్కణ్ణించి తెచ్చాడో చెప్పకుండానే చచ్చాడు. అందుకని కింద కార్డు మీద రెండే ముక్కలు రాసి ఉంటాయి: కింది భాగం దొరకలేదు, దొరికిన చోటు తెలియదు.

నోండాస్‌కి ఇంకా పూనకం దిగలేదు. "చూశారా, పిల్ల కాళ్లు కూడా వదల్లేదు ఇంగ్లీషువాళ్లు," అన్నాడు.

అరెతి పలక ముందుకొచ్చి నిలబడింది. చాలాసేపు చూసింది. తర్వాత మామూలుగా, పొయ్యి మీద పాలు పొంగుతున్నాయని చెప్పినట్టు చెప్పింది.

"ఆ కాళ్లు మనింట్లోనే ఉన్నాయి కదా నోండా."

నోండాస్ పూసల దండ ఆగిపోయింది.

"ఏం కాళ్లు?" అన్నాడు.

"బావి పక్కన, నూనె డబ్బాలో వాసిలికోస్ తులసి మొక్క పెట్టుకున్నానే, ఆ డబ్బా కింద రాయి. ఎడమ కాలు ముందుకుంటది. చెప్పులకి సన్నటి వార్లు. కాళ్ల పక్కన కుక్కపిల్ల, చెవి విరిగిపోయింది. ఏటా ఈస్టర్ ముందు వారం సున్నం కొడతా. ముందు కాళ్లకి, తర్వాత కుక్కకి. ముప్ఫై నాలుగు సున్నాలు కొట్టా, నాకు తెలవదా?"

చుట్టూ ఉన్న ఆడవాళ్లందరూ తలలూపారు. ఆ వారం కదలకుండా ఉన్నదానికల్లా సున్నం కొట్టని ఆడది మా దేశంలో లేదు. మెట్లకి, గోడలకి, చెట్ల మొదళ్లకి, పడుకుని ఉంటే మొగుడిక్కూడా.

"అది బట్టలుతికే రాయి," అన్నాడు నోండాస్. గొంతు సగానికి పడిపోయింది.

"ఉతికే రాయికి చెప్పులెందుకండీ?" అని అడిగాడు ఇంగ్లీషు ప్లంబరు. నిజంగానే తెలుసుకోవాలని అడిగాడు.

అప్పుడు అరెతి చంకలోని నల్ల సంచి తెరిచింది. ఆవిడ ఇంట్లో బట్టలు కుడుతుందట. పాత న్యూసు పేపరు మీద కొలత తీసి కత్తిరించిన కాగితం ఒకటి మడతలు విప్పి, రెండు చేతులతో పట్టుకుని, సగం పిల్ల విరిగిన అంచు దగ్గర ఆనించింది. పేపరు పై అంచు, రాయి కింది అంచు గంటూ మిట్టా తేడా లేకుండా అతుక్కుపోయాయి. రాయిని ముట్టుకుంటే ఈల ఊదాలి నేను. ఈల మెడలోనే ఉంది. ఇరవై రెండేళ్లలో అది మొదటిసారి ఊదకపోవడం.

విహారానికి వచ్చినావిడ సంచిలోకి పెరట్లో రాయి కొలత ఎలా వచ్చింది? ఆ ప్రశ్న నాకొచ్చింది. నోండాస్‌కి కూడా వచ్చినట్టుంది, పెళ్లాం వైపు కొత్త మనిషిని చూసినట్టు చూశాడు. కానీ అడగడానికి తీరిక ఎవరిచ్చారు? జనం చప్పట్లు మొదలుపెట్టేశారు. ఒక ముసలమ్మ ఆయన రెండు బుగ్గలూ ముద్దుపెట్టుకుంది. ఒకాయన, "అందుకా ఆ ఉపన్యాసం! మాటంటే మాట!" అని వీపు మీద చరిచాడు. ప్లంబరు వచ్చి చెయ్యి పట్టుకుని, కళ్లనీళ్లు పెట్టుకుని, "మీరు మాకంటే నయమండీ," అన్నాడు.

తేలు కుట్టిన దొంగ ఎలా ఉంటాడో నేను పుస్తకాల్లో చదివాను. ఆ రోజు కళ్లారా చూశాను.

"మరి... అందుకేగా వచ్చింది," అన్నాడు నోండాస్ చివరికి. "నేనే చెబ్దామనుకున్నా. భోజనం చేశాక."

"సొంతంగా వచ్చి చెప్పినవాళ్లకి సన్మానం చేస్తారు," అన్నాను గట్టిగా, అందరికీ వినపడేలా. "దాచిపెట్టి దొరికితే కేసు పెడతారు. ఫారం తెస్తానుండండి."

ఫారం తెచ్చాను. పేరు, ఊరు, వస్తువు వివరం, అన్నీ రాశాను. 'దొరికిన చోటు' అనే గడి దగ్గరికి వచ్చేసరికి నోండాస్ తేరుకున్నాడు. తేరుకోడా మరి, ఆ గడిలో ఏం రాస్తామన్నదాని మీదే ఆయన ఎనిమిది గదులూ నిలబడి ఉన్నాయి. రాయి ఇచ్చేస్తే పోయేది రాయి ఒక్కటే. చోటు చెబితే మాత్రం శాఖవాళ్లు తాడు పట్టుకుని అక్కడికే వస్తారు.

"సముద్రంలో. మా తాత వలలో పడింది," అన్నాడు.

నేను అరెతి వైపు చూశాను. ఆవిడ కాగితం కొలత మళ్లీ మడతలు పెడుతోంది. కళ్లు మాత్రం నా కలం ఆగిన ఆ గడి మీదే ఉన్నాయి. అప్పుడు నాకు అర్థమైంది, ఈవిడ ఇంత దూరం వచ్చింది కాళ్ల కోసం కాదు, ఈ గడి కోసం.

"మీ తాత ఎన్నడు వలేశాడు నోండా, ఆయనకి పడవెక్కితే వాంతులు," అంది. తర్వాత నా వైపు తిరిగి ఒక్కో మాటా నెమ్మదిగా చెప్పింది. "మా ఇంటి వెనకాల నిమ్మతోటలో దొరికింది. మా నాన్న బావి తవ్వుతుంటే. రెండు ముక్కలూ అక్కడే దొరికినయి. పై ముక్క ఒక దేశదిమ్మరి వ్యాపారికిచ్చి కంచరగాడిదని తీసుకున్నాడు. కింది ముక్క బరువని వాడు వద్దన్నాడు. మా నాన్న చేసింది తప్పే. గాడిద మాత్రం మంచిది, పద్దెనిమిదేళ్లు బతికింది."

"అరెతీ," అన్నాడు నోండాస్.

"రాసుకున్నావా అమ్మాయ్? ఇంకోటి. పోయిన వారం పునాదుల కోసం ఒక గుంట తవ్వించి చూస్తుంటే పొక్లెయిన్‌కి కుండలు తగిలినయి, ఏవో ఎముకలు కూడా. మా ఆయన వెంటనే మట్టి కప్పించాడు, పాడైపోకుండా. అంత జాగ్రత్త ఆయనకి."

జనం మళ్లీ చప్పట్లు కొట్టారు. ఎవరి కోసం కొడుతున్నారో వాళ్లకి తెలియదు, నాకు తెలుసు. 'నిమ్మతోట, బావి పక్కన' అని గుండ్రంగా రాసి, కింద నోండాస్ చేత సంతకం పెట్టించాను. అన్ని ఫోన్ల ముందు ఆయన పెట్టక చస్తాడా?

వాళ్లు సోటిరిస్ హోటల్‌కి వెళ్లారు. ఆయన ఒక్క ఎముక కూడా నమల్లేదట. ఆవిడ రెండు పళ్లేలూ ఖాళీ చేసిందని సోటిరిస్ చెప్పాడు. మధ్యలో నోండాస్ బయటికొచ్చి, మా గోడ పక్కన నిలబడి ఫోన్లో అంటున్న మాటలు నా చెవిన పడ్డాయి. "మంగళవారం కాదురా, రేపు. పొద్దున ఐదింటికి. చెట్లు పీకకపోయినా పర్లేదు, వాటి మధ్యలోనే పోసెయ్."

కుక్కతోక వంకర అని ఊరికే అనలేదు. వెంటనే మా శాఖలో పై అధికారి దనాయి అనే అమ్మాయికి ఫోను చేశాను. ఆదివారం మధ్యాహ్నం అత్తగారింట్లో భోజనం ముందు కూర్చుని ఉంది. సగం పిల్ల కాళ్లు దొరికాయి అన్నాను. అవతల కుర్చీ వెనక్కి పడిన చప్పుడు వినిపించింది. మా శాఖ పరుగెత్తడం నేను అదొక్కసారే చూశాను. నాలుగింటికల్లా ఇద్దరు పోలీసులతో కాటో లిమానీ చేరి నిమ్మతోట చుట్టూ ఎర్రా తెలుపూ పట్టీ కట్టేసింది. సోమవారం తెల్లవారి లారీలు వచ్చాయి, పట్టీ చూశాయి, గిర్రున తిరుగుతున్న కాంక్రీటుతో సహా వెనక్కి పోయాయి.

మే నెలలో మా మ్యూజియంలో సభ పెట్టారు. సగం పిల్ల కింద కాళ్లు అతికించారు. ముప్ఫై నాలుగు పొరల సున్నం గీకి తీసిన అబ్బాయి, ఆ సున్నమే రాయిని కాపాడిందని, గోళ్లు కూడా చెక్కు చెదరలేదని చెప్పాడు. మేయరు నోండాస్‌కి చెక్క పలక ఒకటి బహూకరించాడు, 'జాతి సంపద రక్షకుడికి' అని రాసి ఉంది. ఆముదం తాగిన మొహంతో అందుకున్నాడు. కానీ ఎదురుగా జనం ఉన్నారు, చేతిలో మైకు ఉంది. రెండో నిమిషానికల్లా ఆముదం దిగిపోయింది. "ఏ నేలలో దొరికింది ఆ నేలకే చెందాలి. నేనదే నమ్ముతా," అన్నాడు. అందరికంటే ముందు చప్పట్లు కొట్టింది అరెతి.

సభ అయ్యాక ఆవిడ మా ఇంటికి వచ్చింది, బస్తాడు నిమ్మకాయలతో. దారిలో నడుస్తూ అడిగాను, ఎప్పణ్ణించి తెలుసని.

"సహకార సంఘంవాళ్ల కేలండర్లో ఫిబ్రవరి పేజీకి బొమ్మేశారుగా, మీ సగం పిల్లని," అంది. "చూడంగానే తెలిసిపోయింది. నెలంతా వంటింట్లో గోడ మీద చూస్తానే ఉన్నా. నోండా కూడా రోజూ దాని ముందే కాఫీ తాగాడు. ఆయన పిల్ల మొహం చూశాడు. నేను కాళ్లు లేని చోటు చూశా."

"మరి నాకొక్క ఫోను చేస్తే సరిపోయేదిగా? ఇంత నాటకం ఎందుకు?"

"నేను ఫోను చేస్తే ఇంటి గుట్టు బయటపెట్టిన ఆడదాన్నవుతా. చచ్చేదాకా ఆ మాటే అంటాడు, ఊరంతా అంటది. ఆయన నోటితో ఆయనే అంటే ఎవర్నంటాడు? పాలరాయి కనపడ్డచోటల్లా ఆ ఉపన్యాసం ఇస్తాడని నాకు తెలుసు. బాంకుకెళ్తే బాంకు మెట్ల మీద కూడా ఇచ్చాడు. కాకపోతే వినేవాళ్లు కావాలి. అందుకని టిక్కెట్టు లేని ఆదివారం చూసుకుని వచ్చా." కొంచెం ఆగి అడిగింది. "అది సరే గానీ, మా తోటలో తవ్వడానికి మీవాళ్లకి ఎప్పుడు కుదురుతదంటావు?"

"ఊరికే పైపైన చూసి పోతారు. నిజంగా తవ్వాలంటే పై నుంచి నిధులు రావాలి. మాకా? ఇరవై ఏళ్లు పట్టొచ్చు. అసలు రాకపోవచ్చు."

"దేవుడు మీ శాఖని చల్లగా చూడాలి," అంది అరెతి, శిలువ గుర్తు వేసుకుని.

మా ఇల్లు వచ్చింది. ఆవిడ లోపలికి కాలు పెట్టబోయి ఆగిపోయింది. మా గుమ్మం రాయి పొడుగాటిది, తెల్లటిది, నాలుగు తరాల చెప్పుల కింద అరిగింది. అయినా ఏటవాలు ఎండలో దాని మీద పాతకాలపు అక్షరాలు రెండు వరసలు కనిపిస్తాయి. మా అమ్మమ్మ దాన్ని కడిగేది, మా అమ్మ కడిగేది, నేనూ కడుగుతున్నాను. అరెతి ఆ అక్షరాలు చూసింది. తర్వాత నా మెడలో ఈల చూసింది. సిగ్గుతో నా చెవులు కాలిపోయాయి. తొక్కకుండా కాలెత్తి దాటి లోపలికి వచ్చి, బస్తా దింపి, కిటికీలోంచి పక్క స్థలం వైపు చూసింది. అక్కడ మా అమ్మ నాటిన మల్బరీ చెట్టు ఉంది.

"ఆ స్థలం ఎవరిది?"

"మా తమ్ముడిది," అన్నాను. "చెట్టు కొట్టేసి కారు షెడ్డు వేస్తానంటున్నాడు. ఎంత చెప్పినా వినడు."

అరెతి ఒక నిమ్మకాయ తీసుకుని, కత్తి అడిగి, రెండు ముక్కలుగా కోసింది.

"మీ తమ్ముడికి ఉపన్యాసాలిచ్చే అలవాటుందా?" అంది.